కాజాల డబ్బా

“ఛీ! వీణ్ని మళ్లీ దించారా?”

బాబూరావు చేతిలోని సమోసా కాగితాన్ని నలిపి కాళ్ల కింద పడేశాడు.

ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్ క్లబ్ మైదానంలోకి శ్రీకర్ పరుగెత్తుకొచ్చాడు. ఆట అమెరికన్ ఫుట్‌బాల్. కోడిగుడ్డులాంటి బంతి, తలలకు హెల్మెట్లు. ఆ బంతిని అందుకుని సొంత జట్టువాళ్లకు విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. గెలిచినా ఓడినా మాట పడేది అతనే.

ఆ క్వార్టర్‌బ్యాక్ శ్రీకర్. అక్కడి తెలుగువాళ్లందరికీ ‘మనవాడు’.

సీజన్ మొదట్లో న్యూకాసిల్‌తో ఆడిన మ్యాచ్ వరకే.

ఆ రోజు ఆఖరి నిమిషంలో బంతి అతని చేతిలో ఉంది. సొంత జట్టువాడు ఎదురుగా ఖాళీగా నిలబడి చేతులు ఊపుతున్నాడు. అందిస్తే గెలుపే. శ్రీకర్ మాత్రం బంతిని గీత బయటకు విసిరేశాడు.

“క్రికెట్లో అయితే సిక్సర్ అనుకునేవాళ్లం. ఇక్కడ సిగ్గుచేటు,” అంది బాబూరావు భార్య నీలిమ.

“గా పోరనికి చేతులున్నయి గని గుండె లేదు,” అన్నాడు పక్కనున్న మొగిలయ్య.

ఆ రోజు నుంచి శ్రీకర్ ఆట పాడైంది. ఇవాళ కూడా ఓడితే ఇంకొకణ్ని చూసుకుంటామని కోచ్ చెప్పేశాడు.

ముందు వరసలో ఎవరో ఒక్కరే చప్పట్లు కొడుతున్నారు.

బక్కపలచని మనిషి. మెడలో న్యూకాసిల్ జట్టు మఫ్లర్. ఒళ్లో స్టీలు డబ్బా.

“ఎవడీ శాల్తీ? శత్రువుల మఫ్లరేసుకుని మన స్టాండ్‌లో కూర్చున్నాడు,” బాబూరావు గొంతు తగ్గించకుండానే అన్నాడు. “ఆ డబ్బా ఒకటి! పిక్నిక్‌కి వచ్చినట్టు.”

ఆయన వెనక్కి తిరిగాడు.

“కాజాలు బాబూ. ఇంట్లో చేసినవి.”

నీలిమ నాలుక కరుచుకుంది. బాబూరావు తగ్గలేదు.

“తెలుగువారేనా? మంచిది. మొన్న మీ ఊరికి గెలుపు దానం చేశాడుగా మావాడు, అందుకా ఈ చప్పట్లు?”

“అవును బాబూ,” ఆయన నెమ్మదిగా అన్నాడు. “దానమే చేశాడు.”

సగం ఆట అయ్యేసరికి శ్రీకర్ విసిరిన బంతుల్లో ఒక్కటీ సరిగా చేరలేదు. చెయ్యెత్తడం, ఆగిపోవడం, నేల చూడడం.

“ఇంటికి పోరా!” బాబూరావు అరిచాడు. స్టాండ్ అంతా అందుకుంది. ఎవరో ప్లాస్టిక్ గ్లాసు విసిరారు. అది శ్రీకర్ కాలి దగ్గర పడింది.

అప్పుడు ముందు వరస మనిషి లేచాడు. స్టీలు డబ్బాను రెండు చేతులతో తలపైకి ఎత్తి పట్టుకున్నాడు.

“అంకుల్, అడ్డం! కూర్చోండి!” కసిరింది నీలిమ.

మైదానంలో శ్రీకర్ నిలబడిపోయాడు. డబ్బానే చూశాడు. గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. తర్వాత ఆ చెయ్యి పైకెత్తాడు.

“అదిగో, మనకే చెయ్యూపాడు!” అంది నీలిమ.

తర్వాతి బంతి నేరుగా వెళ్లి తనవాడి చేతుల్లో పడింది.

ఆ తర్వాతదీ అంతే.

ఇంకొకటి అందరి తలల మీదుగా మైదానం చివరికెళ్లి పడింది. అక్కడ తనవాడు ఎదురుచూస్తున్నాడు.

“అరె, ఏం ఇసిరిండు రా భై!” మొగిలయ్య సీటెక్కి నిలబడ్డాడు.

“వీడిలో సరుకుందని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా,” అన్నాడు బాబూరావు.

“ఎప్పుడన్నారు?” అడిగింది నీలిమ.

“మనసులో.”

ఆట ముగింపుకొస్తుండగా ఆ మనిషి వాళ్ల దగ్గరికొచ్చాడు.

“బాబూ, మ్యాచ్ అయ్యాక ఆ అబ్బాయిని కలవాలంటే ఎటు వెళ్లాలి?”

బాబూరావుకు ఒళ్లు మండింది. గెలుస్తుంటే అందరూ చుట్టాలే!

“బయటి జట్ల ఫ్యాన్స్‌ని ప్లేయర్ల దగ్గరికి రానివ్వరండీ. ఇక్కడి రూల్.”

అలాంటి రూల్ ఏదీ లేదు.

ఆయన మొహం చిన్నబోయింది. “నా చేత్తో పెడదామనుకున్నా. పోనీ, మీరైనా ఇస్తారా? నేను న్యూకాసిల్ దాకా డ్రైవ్ చేయాలి. ఇంటి దగ్గర ఒకడు ఎదురుచూస్తుంటాడు.”

“తప్పకుండా అంకుల్,” నీలిమ డబ్బా అందుకుంది.

ఆయన గేటు దాటకముందే మూత తెరుచుకుంది.

“ఒక్కటే,” అన్నాడు మొగిలయ్య.

“ఇంకొక్కటి,” అన్నాడు బాబూరావు.

మిల్టన్ కీన్స్ గెలిచేసరికి డబ్బాలో పాకం మరకలే మిగిలాయి.

జనం మైదానంలోకి దూకారు. అందరికంటే ముందు బాబూరావే శ్రీకర్‌ను వాటేసుకున్నాడు.

“మన శ్రీకర్! మన బంగారం! ఒక్క సెల్ఫీ నాన్నా!”

శ్రీకర్ హెల్మెట్ తీసి స్టాండ్ వైపే చూస్తున్నాడు.

“అంకుల్, ఫ్రంట్ రోలో మఫ్లర్ వేసుకున్నాయన ఏరీ?”

“ఆ న్యూకాసిల్ శాల్తీయా? పంపించేశాంలే. నిన్ను కలుస్తానని ఒకటే నస.”

“పంపించేశారా?”

శ్రీకర్ చూపు నీలిమ చేతిలోని డబ్బా మీద పడింది. తర్వాత తన జెర్సీ మీద పడింది. బాబూరావు వేళ్ల గుర్తులు అక్కడ జిగటగా మెరుస్తున్నాయి.

“ఆ రోజు వాళ్ల ప్లేయర్ ఒకడు నా ముందే పడిపోయాడు అంకుల్. కదల్లేదు. అందరూ వాడి మీదికే రన్ చేస్తున్నారు. బాల్ లైన్ దాటితేనే విజిల్ వేస్తారు. అందుకే విసిరేశా.”

“మరి మాకు చెప్పలేదేం?” బాబూరావు సెల్ఫీ కోసం ఎత్తిన ఫోన్ దించాడు.

“బాల్ బయట పడగానే అందరూ తిట్టుకుంటూ కార్ పార్క్‌కి వెళ్లిపోయారు. ఆంబులెన్స్ వచ్చేసరికి స్టాండ్ ఎంప్టీ. ఆ తర్వాత కూడా తిట్టారే గానీ ఎవరూ అడగలేదు.”

నీలిమ డబ్బాను వెనక్కి దాచబోయింది. శ్రీకర్ మెల్లగా దాన్ని తీసుకుని మూత తెరిచాడు. ఖాళీ డబ్బాలోకి చూస్తూ అన్నాడు.

“వాడు మళ్లీ నడిచిన రోజు కాజాలు తెచ్చి తన చేత్తో నా నోట్లో పెడతానన్నారు అంకుల్... ఆయన వాడి నాన్న.”