నిలబడ్డ టీచరు

"నేను నోరు విప్పను టీచర్. టీ మీరే అడగాలి. ఇవాళ్టి శిక్షణే అది!" అన్నాను.

"ఇరవై ఎనిమిదేళ్లుగా జపాన్‌లో, మన నీగాతాలో ఇంగ్లిష్ చెబుతున్నదాన్ని. టీ అడగలేనా సవాకో?" అన్నారు బళ్లో నాకు పాఠాలు చెప్పిన కురమోచి టీచర్. ఇంగ్లండ్‌లోని ఈ యార్క్ ఊరు వచ్చేదాకా రైల్లో టీ అడిగే ఆ ఒక్క ఇంగ్లిష్ వాక్యాన్నే నాలుగుసార్లు దిద్దుకున్నారు.

టీ దుకాణంలో కౌంటర్ వెనక తెల్లజుట్టు ఆవిడ నవ్వింది. "ఏం కావాలమ్మా?"

టీచర్ నోరు తెరిచారు. మాట రాలేదు. చెవులు ఎర్రబడ్డాయి. వెనక క్యూ పెరిగింది.

"అలా నిలబడిపోయావేం తల్లీ? వెళ్లి కూర్చో. నేనే వస్తాగా!" అని ఆవిడ కిటికీ పక్క కుర్చీ చూపించింది.

టీచర్ కూర్చున్నారు. ఆవిడ రాగానే "రెండు టీలు" అనేశారు.

"అలాగే బంగారం," అంటూ ఆవిడ వెళ్లింది.

"వాక్యమేమైంది టీచర్?" అని నవ్వాను.

టీచర్ కూడా నవ్వారు. అంతలోనే ఆగిపోయారు. "మీ క్లాసులో మినోరి గుర్తుందా?"

"ఎంత అడిగినా నోరు విప్పదని, గంటంతా నిలబెట్టేవారు. ఆ అమ్మాయేగా?"

"జవాబు చెప్పేదాకా కూర్చోవద్దనేదాన్ని. పొగరనుకున్నాను సవాకో. అలా నిలబెడితే ఎవరికైనా మాటెలా వస్తుంది!"

టీ తాగి బయటికి రాగానే టీచర్ చర్చి బొమ్మ ఉన్న పోస్టుకార్డు కొన్నారు. అక్కడే గోడకి ఆనించి, ఈసారి ఏమీ దిద్దకుండా, గబగబా రాసేశారు. తొంగి చూశాను. ఒక్కటే ముక్క ఉంది.

"మినోరీ, ఇక కూర్చో అమ్మా."