స్పీకర్‌లో పెట్టు

"స్టేట్ వాళ్లు చట్టం మార్చారు రాగిణీ! ఇదివరకు తాగి గుద్దితేనే పరిహారం ఇచ్చేవాళ్లు. ఇప్పుడు రోడ్డు మీద రేసులాడి గుద్దినా ఇస్తారట. అప్లై చేద్దాం," అన్నాడు భర్త శశికాంత్ హుషారుగా.

రాగిణి పెట్టుడు కాలు బిగించుకుంటూ వింది.

"పోలీసులకి చెప్పిందే చెప్పు. ఎవడో రేసులో వచ్చి మన కారుని గుద్ది పారిపోయాడని."

"నిన్న బాతెల్ ఊళ్లో మన తెలుగువాళ్ల పాట్‌లక్ విందులో అందరి ముందూ ఏమన్నావ్?"

"నువ్వు అరిచి కంగారుపెట్టడం వల్లే స్టీరింగ్ తప్పిందన్నాను. సరదాకన్నాలే, వదిలెయ్."

"సరే, ఫోన్ కలుపు. స్పీకర్‌లో పెట్టు."

కాసేపటికి అవతల పరిహారాల ఆఫీసరమ్మ ఇంగ్లీషులో అడిగింది. "రేసులో ఉన్న డ్రైవర్ ఎవరో తెలుసా?"

తెలీదని చెప్పమన్నట్టు శశికాంత్ తల అడ్డంగా ఊపాడు.

"తెలుసు," అంది రాగిణి. "పక్క కారుతో పందెం వేసుకున్నాడు. ఆపమని అరుస్తూనే ఉన్నాను. తర్వాత ఆస్పత్రిలో, వీసా పోతుందని నా మిగిలిన కాలు పట్టుకుని ఏడ్చాడు. అందుకే అబద్ధం చెప్పాను."

"ఇప్పుడతను ఎక్కడున్నాడు?"

"ఈ ఫోన్ పట్టుకున్నది అతనే."