చీటీలో నాలుగో పేరు

"సుందరా! ఓ సుందరా! ఇంట్ల ఉన్నవా?"

గేటు బయట ఆ ముసలాయనే. చంకలో తువ్వాల మూట.

కరుణమ్మ తల పట్టుకుంది. "క్రిస్మస్ నక్షత్రం కట్టకముందే ఈయన తయారు."

మనవరాలు శాలిని నవ్వింది. "పాపం అమ్మమ్మా, ఏ ఊరికెల్లి వస్తుండో అడగరాదా?"

"అడుగుతే కూసొని కథ చెప్తడు."

కరుణమ్మ గేటు తీయకుండానే చెప్పింది. "ఇగో పెద్దాయనా, ఈడ సుందర లేదు. నేను కరుణమ్మను. ఎన్నేండ్లు చెప్పాలె?"

"సరే తల్లీ, కరుణమ్మవే." ముసలాయన పళ్లు లేని నోటితో నవ్వాడు. "కందికాయలు తెచ్చిన. ఉప్పేసి ఉడకబెట్టుకో. నీకు ఇష్టం గదా."

"నాకు పడయి."

"పడకుంటే పిల్లకు పెట్టు."

మూటను గేటు మీదుగా అందించాడు. అందుకోవడానికి ఆమె కుడి చేయి చాపింది. మోచేతి కింద కాలిన మచ్చను ఆయన ఒక్క క్షణం చూశాడు.

"నీళ్లు తాగుతవా?"

"వద్దు తల్లీ. బస్సు పోతది."

వెళ్లిపోయాడు.

కరుణమ్మకు ఎనభై ఏళ్లు. బీదర్ మిషన్ హాస్టల్లో పెరిగింది. మిషన్ దవాఖానాలో నర్సుగా పనిచేసి దిగిపోయింది. చర్చి పుస్తకంలో ఆమె పేరు పక్కన భర్త పేరుంది, పిల్లల పేర్లున్నాయి. తండ్రి పేరు రాయాల్సిన గడి మాత్రం ఖాళీ.

ఆమెకు మిగిలింది ఒకటే జ్ఞాపకం. ఎవరిదో భుజం మీద కూర్చుని, ఆముదం వాసన వేసే జుట్టును రెండు చేతులా పట్టుకోవడం.

"నేనెవరి బిడ్డనో తెలుస్తే సాలు శాలినీ. నిమ్మళంగ పోత."

"ఎతుకుతున్న గదా అమ్మమ్మా."

మరుసటి ఏడాది కందికాయల కాలం వచ్చింది. ముసలాయన రాలేదు.

"బస్సు దొరకలేదేమో" అంది శాలిని.

"నేనేమన్న అడిగిన్నా?"

"అడగలే. పొద్దటి సంది గేటు దిక్కు చూస్తున్నవని చెప్పిన."

జనవరిలో హాస్టల్ వాళ్లు పాత పెట్టెలు విప్పారు. కరుణమ్మను చేర్చుకున్న కాగితాల మధ్య ఉర్దూ చీటీ ఒకటి దొరికింది. శాలిని దాన్ని ఉర్దూ బడి సారుతో చదివించుకుని పరుగున వచ్చింది.

"అమ్మమ్మా, సరిహద్దు తనిఖీ నాకా కాడ రాసిచ్చిన చీటీ! నిజాం ఆఖరి దినాలది. ఇను. సంతపూర్ నర్సప్ప. భార్య. కొడుకు గాలయ్య, పన్నెండేండ్లు. కూతురు సుందరాబాయి, మూడేండ్లు."

"ఏం పేరన్నవ్?"

"సుందరాబాయి. కుడి మోచేతి కింద కాలిన మచ్చ."

కరుణమ్మ తన చేతి వంక చూసుకుంది.

"శాలినీ... ఆ ముసలాయన పేరేందే?"

"నువ్వెన్నడు అడగనిచ్చినవ్?"

మరునాడు పొద్దున్నే ఇద్దరూ సంతపూర్ బస్సెక్కారు. కరుణమ్మ ఒళ్లో తీపి గరిజెల డబ్బా. దారి పొడుగునా పెదవులు కదుపుతూనే ఉంది.

"ప్రార్థన చేస్తున్నవా?"

"కాదే. అన్నా అనుడు నేర్చుకుంటున్న. ఎన్నడూ ఎవల్నీ అనలే గదా."

సంతపూర్‌లో గాలయ్య ఇల్లు అడగ్గానే చూపించారు. తలుపు తీసిన మనిషికి యాభై దాటి ఉంటాయి. గాలయ్య కొడుకు శ్రీశైల్. అతని వెనక గోడ మీద, దండ వేసిన ఫోటోలో ఆ పళ్లు లేని నవ్వు.

"నాయిన దీపావళి ముంగటనే పోయిండు" అన్నాడు శ్రీశైల్.

కరుణమ్మ గడప మీదే కూర్చుంది. "నేను ఆయన చెల్లెను బిడ్డా. సుందరను. గేటు కూడా తియ్యలే నేను."

శ్రీశైల్ ఆమె చేతి మచ్చ చూశాడు. లోపలికి తీసుకెళ్లి మంచం మీద కూర్చోబెట్టాడు. నీళ్లిచ్చాడు.

"మీరు బీదర్ కరుణమ్మ గదా. దవాఖానల సూదిచ్చేటప్పుడు మచ్చ చూసి నాయిన గుర్తుపట్టిండు. అప్పటిసంది ఏటేటా వచ్చెటోడు."

"మరి అన్ననని నాకెందుకు చెప్పలే?"

శ్రీశైల్ ఇంకోసారి ఆ మచ్చ వంక చూశాడు.

"అత్తా, సుందరకు మచ్చ లేకుండె."

"చీటీల ఉన్నది బిడ్డా!"

"ఆ చీటీ నాకా కాడ రాసింది. గడిబిడి దినాలల్ల మావోళ్లు సరిహద్దు అవతలి క్యాంపుకు పారిపోయిండ్రు. తిరిగొచ్చేటప్పుడు తోవల సుందరకు కలరా తగిలి పానం పోయింది. ఆడనే ఒక పిల్ల ఒక్కతే ఏడ్చుకుంట కూసున్నది. ఎవరి బిడ్డనో ఎవరికీ ఎరుకలే. పెద్దోళ్లు లేని పిల్లను నాకా దాటనియ్యరు."

కరుణమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఇంటికొచ్చినంక తాతకు కూడా కలరా వచ్చింది. పిల్లన్న బతకాలని మిషనోళ్లకిచ్చిండ్రు. నీకు చెప్తే సుందర ఇంకోసారి సచ్చిపోతదనెటోడు నాయిన."

"బిడ్డా, నన్ను ఎవరో భుజం మీద మోసిండ్రు. మీ తాతనా?"

"తాత యాడ అత్తా, ఆయన బిడ్డను మట్టి చేసిన కాడనే కూలబడ్డడు. నిన్ను భుజానెక్కించుకొని పోయి, కండ్లు తుడుచుకొని, నాకా జవానుతోటి 'ఇదే మా సుందర' అన్నది పన్నెండేండ్ల మా నాయిననే."