పెరటి గదిలో చాప

“ఇది పుట్టుకతో వచ్చిందమ్మా. పైకి అంతా మామూలుగానే ఉంటుంది. లోపల దారీ, గర్భసంచీ ఏర్పడలేదు. నీ తప్పేం లేదు. ఐదు వేల మంది ఆడవాళ్లలో ఒకరికి ఇలా ఉంటుంది” అంది శ్రీకాకుళం డాక్టరమ్మ. చికిత్స ఉందనీ, కాపురానికి అడ్డు కాదనీ, కడుపు మాత్రం పండదనీ చెప్పింది.

ఇరవై ఏళ్లొచ్చినా నెలసరి రాని సంహిత తల వంచుకుని వింది.

శ్రీముఖలింగం బస్సులో, వెనక సీట్లో కూర్చున్నాక ఏడుపు ఆగలేదు. పక్కనున్న మేనత్త జగదీశ్వరి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. పెళ్లి వద్దని భీష్మించుకుని, పిల్లలకి సంగీతం చెప్పుకుంటూ బతికిన మనిషి ఆవిడ.

సంహిత ఆ చెయ్యి తోసేసింది.

“నీకేటి తెలుస్తాది అత్తా? నా చిన్నప్పుడు నెలనెలా బయట చేరి, వేరే కంచం పెట్టుకుని పెరటి గదిలో కూసునేదానివి. ఇప్పుడు ఆ చాప చూసినా నాకు కుళ్లుగా ఉంటాది.”



“ఐదు వేల మందిలో ఒకరంటే, మన జిల్లాలో ఎంతమంది ఉంటారే?” అని అడిగింది జగదీశ్వరి.

సంహిత కళ్లు తుడుచుకుని లెక్క వేసింది. “రెండొందల పైనే ఉంటారు.”

“అంతమందా!” అంది అత్త. “ఎవరికీ అనుమానం రాకూడదని ముప్పై ఏళ్లు ఆ చాప మీద ఉత్తినే కూసున్నానే. నానొక్కదాన్నే అనుకున్నాను.”