వెనక బెంచీ రిమ్మా

"ఫోను సంచిలో పెట్టు, రిమ్మా."

"పెట్టను. ఏం చేస్తావు? హెడ్మిస్ట్రెస్ దగ్గరికి పంపిస్తావా? పంపు, పోతాను."

క్లాసంతా గొల్లుమంది. రుస్లాన్ బల్ల మీద దబదబా బాదాడు. కైరీ చెవులు ఎర్రబడ్డాయి.

కైరీ ఎస్టోనియన్ భాష చెప్పే టీచరు. ఇరవై ఆరేళ్ళు. తార్తు నుంచి ఎస్టోనియా సరిహద్దు ఊరు నార్వాకి వచ్చి మూడు వారాలే అయింది. ఈ ఊళ్ళో ఎక్కడ విన్నా రష్యనే. నది దాటితే రష్యాయే మరి. బడిలోనూ అంతే. ఆమెకి ఇచ్చింది మధ్యాహ్నం మూడున్నర క్లాసు. పదకొండు మంది. ఎవరికీ ఎస్టోనియన్ సరిగ్గా రాదు. కాస్తో కూస్తో వచ్చినవాళ్ళూ నోరు విప్పరు.

మొదటి రోజే ఆమె ఒక నియమం పెట్టింది. "ఈ గదిలో మీరూ లేదు, గారూ లేదు. నాతో సహా అందరినీ పేరు పెట్టి నువ్వు అనే పిలవాలి."

అలాగైతే త్వరగా దగ్గరవుతారని ఆమె ఆశ. రిమ్మాకి మాత్రం ఆ రోజు నుంచే కైరీ అంటే ఒళ్ళుమంట.

రోజూ ఆలస్యంగా రావడం. వెనక బెంచీలో కిటికీ పక్కన కూలబడటం. ఏది అడిగినా రష్యన్‌లో జవాబు. మొన్నయితే నోటుపుస్తకంలో కాగితం చించి, పొడుగ్గా సన్నగా ఉండే కైరీని కొంగలా గీసి, బెంచీల మీదుగా అందరికీ తిప్పింది.

నిజానికి భయపడాల్సింది రిమ్మాయే. ప్రభుత్వం పెట్టే భాష పరీక్ష అప్పటికే రెండుసార్లు తప్పింది. జూన్‌లో మళ్ళీ తప్పితే ఇక బడిలో ఉంచరు.

మొదటి వారం కైరీ అరిచి చూసింది. లాభం లేకపోయింది. ఈ రోజు అరవలేదు. దాచి ఉంచిన కొంగ బొమ్మని తీసి బోర్డుకి అంటించింది.

"ముక్కు బాగా కుదిరింది," అని పాఠం సాగించింది.

క్లాసయ్యాక రిమ్మాని ఆపింది.

"రాతలో అందరికంటే నీకే ఎక్కువ మార్కులు. నోరెందుకు విప్పవు?"

రిమ్మా కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

"తప్పు మాట్లాడితే నవ్వుతారు. వీళ్ళ ముందు నేను నవ్వులపాలు కాను. బడిలోంచి తీసేస్తే తీసేయనీ."

మర్నాడు కైరీ వస్తూనే రష్యన్‌లో మొదలుపెట్టింది. అంతవరకూ ఆమె నోట ఒక్క రష్యన్ ముక్క ఎవరూ వినలేదు. చేపల కొట్టుకి వెళ్ళిన సంగతి చెబుతోంది.

"కొట్టామెతో అన్నాను కదా, నన్ను శుభ్రం చేసి, వేయించి ఇవ్వండి అని..."

క్లాసు పగలబడి నవ్వింది. కైరీ కూడా నవ్వింది. అయినా ఆగలేదు. తప్పు మీద తప్పు చేసుకుంటూ చెప్పుకుపోయింది. రిమ్మా ఇక తట్టుకోలేకపోయింది.

"ఆపు! మా భాషని ఖూనీ చేస్తున్నావు. నన్ను కాదు, నాకు!"

"అయితే నేర్పు. రోజూ పది నిమిషాలు నువ్వు టీచరువి. మిగతా టైము నేను."

"ఒక్క తప్పు కూడా వదలను."

"నేనూ అంతే."

రిమ్మా అన్నంత పనీ చేసింది. ఒకే వాక్యాన్ని కైరీ చేత ఏడుసార్లు చెప్పించిన రోజులున్నాయి. ఆ తర్వాత తన వంతు రాగానే, తడుముకుంటూనే అయినా, ఎస్టోనియన్‌లో మాట్లాడింది. ఫోను మోగుతున్నా తీయలేదు.

ఒక రోజు ఏదో అచ్చు పలకలేక మూడుసార్లు తడబడింది. రుస్లాన్ కిసుక్కున నవ్వాడు.

రిమ్మా లేచి నిలబడింది. ఎస్టోనియన్‌లోనే అంది.

"నవ్వు. నేను తప్పు చేస్తా. రేపు కూడా చేస్తా. మాట్లాడటం మానను. దమ్ముంటే లేచి నాకంటే బాగా చెప్పు."

ఆ నాలుగు ముక్కల్లో మూడు తప్పులు. కైరీ ఒక్కటీ దిద్దలేదు.

రుస్లాన్ లేవలేదు.

జూన్‌లో పరీక్ష జరిగింది. గట్టెక్కాలంటే అరవై రావాలి. రిమ్మాకి అరవై ఒకటి వచ్చాయి.

"ఒక మార్కు ఎక్కువ చదివాను, దండగ," అంది కైరీతో.

సెప్టెంబరు ఒకటిన బడి తెరిచారు. పూలగుత్తులు పట్టుకుని వరసగా నిలబడ్డ నాలుగు వందల మంది పిల్లలకి, కాగితం చూడకుండా, తప్పులతో సహా, మొట్టమొదటిసారి ఎస్టోనియన్‌లో స్వాగతం చెప్పింది, తన టీచర్లతో పాటు ఆ మూడున్నర క్లాసులో కూర్చున్న, ఇరవై రెండేళ్ళుగా ఆ బడికి హెడ్మిస్ట్రెస్‌గా ఉన్న రిమ్మా.