సంకటి తెడ్డు

"ఆ తెడ్డు పారేయ్ అవ్వా. కొత్తది నేనిస్తాను."

తలాతో అనే ఆమె అలా అనగానే ముసలామె తన నల్లబడ్డ తెడ్డును గుండెకి హత్తుకుంది.

రాజధాని వాగడూగు సంతవీధిలో ఆడవాళ్ళంతా సంకటి తెడ్లు పట్టుకుని ఊరేగింపుకి బయల్దేరుతున్నారు. పాతికేళ్ళు దాటినా గద్దె దిగని అధ్యక్షుడు చట్టం మార్చి మళ్ళీ నిలబడతానంటున్నాడు. ఇంట్లో సంకటి కెలికే ఆడది వీధిలో తెడ్డెత్తిందంటే ఎదుటి మగాడికి అది శాపమే. ఆ సంగతి అక్కడ పసివాడికి కూడా తెలుసు.

ఈరోజు చౌరస్తా దాటలేకపోతే, ఇక ఆయన చచ్చేదాకా ఆయనే.

"ఎవరి ఆడబిడ్డవి అవ్వా?"

"సామోదాన్ని."

గుంపంతా గొల్లున నవ్వింది.

మోస్సీ, సామో తెగలకి తాతలనాటి పరాచికాల చుట్టరికం. బానిసలని, కుక్కని తినేవాళ్ళని ఎంత తిట్టుకున్నా కోపం రాకూడదు. చెయ్యెత్తడం అసలే కూడదు.

"కుక్క తలకాయ కూర వండిన తెడ్డేనా అది? అందుకే అంత కంపు!" అంది మోస్సీ తెగదైన తలాతో.

"నీలాంటి బానిసకి తలకాయ ఎవరు పెడతారే? తోక పెడతాం!"

"నోటికేం తక్కువ లేదు. కాళ్ళకే సత్తువ లేదు. నువ్విక్కడే కూర్చో."

"ముందు నడుస్తాను."

"ముందు తుపాకులుంటాయి."

"అందుకే."

"పోనీ ఈ కొత్త తెడ్డన్నా పట్టుకో."

"అది ఎవరికీ వండిపెట్టలేదు. శాపం తగలాలంటే కూడు పెట్టిన తెడ్డే కావాలి."

ముసలి చాదస్తం అనుకుంది తలాతో.

చౌరస్తాలో సైనికులు అడ్డంగా నిలబడ్డారు. వాళ్ళ ముందు ఒక కెప్టెన్.

"ఇంకో అడుగు వేస్తే కాలుస్తాం!"

ఆడవాళ్ళ పాట ఆగిపోయింది. తలాతో అడుగు వెనక్కి వెయ్యలేదు.

ముసలామె ఆగనేలేదు. తిన్నగా వెళ్ళి కెప్టెన్ ఎదుట నిలబడింది. తెడ్డు పైకెత్తింది.

తిట్టలేదు. బతిమాలలేదు. అతని మొహం మీంచి చూపు తిప్పలేదు.

కెప్టెన్ ఆమెను చూశాడు. తెడ్డును చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"దారివ్వండి," అని తనే ముందు పక్కకి తప్పుకున్నాడు.

"మోస్సీవాడే అయ్యుంటాడు!" తలాతో అరిచింది. "సామో అవ్వ మీద చెయ్యెలా ఎత్తుతాడు?"

ఆడవాళ్ళ నవ్వులతో, పాటలతో చౌరస్తా దద్దరిల్లింది.

ముసలామె అక్కడే కూలబడింది. తెడ్డు తలాతో చేతిలో పెట్టింది.

"ఇది ఇంక నా పొయ్యి మీదకి రాదు. నువ్వు తీసుకుపో. ఎక్కడా ఆగొద్దు."

"మళ్ళీ నేనే తెచ్చిస్తాలే. ఇల్లెక్కడ?"

"రైలు గేటు అవతల. టోయే వాళ్ళిల్లంటే ఎవరైనా చెబుతారు."

వారం తిరక్కుండానే అధ్యక్షుడు దేశం విడిచి పారిపోయాడు.

తలాతో తెడ్డు కడిగి, తుడిచి, రైలు గేటు దాటి వెళ్ళింది. టోయే వాళ్ళింటి ముందు చాపలు పరిచి ఉన్నాయి.

"పొద్దున్నే పోయింది," అంది పక్కింటావిడ. "ఊరేగింపు నుంచి వచ్చాక పొయ్యి వెలిగించలేదు. ముద్ద ముట్టలేదు. ఎందుకో చెప్పనూ లేదు."

తలాతో కళ్ళు తుడుచుకుంది. సామో ఇంట చావైతే నవ్వించాల్సింది మోస్సీలే. ఏడుస్తూ నిలబడితే పోయినవాళ్ళకి అవమానం.

నడుం వంచింది. తెడ్డెత్తింది. అచ్చం అవ్వలాగే అడుగులేస్తూ లోపలికెళ్ళింది.

"లేవవే ముసలీ! పని ఎగ్గొట్టడానికి చచ్చినట్టు పడుకున్నావా? నీ బానిస వచ్చింది, తోక కూర పెట్టు!"

శవం చుట్టూ కూర్చున్నవాళ్ళు కన్నీళ్ళతోనే నవ్వారు.

ఒక్కడు నవ్వలేదు.

శవం పాదాల దగ్గరున్నవాడు తలెత్తాడు. ఒంటి మీద యూనిఫాం లేకపోయేసరికి తలాతో వెంటనే పోల్చుకోలేకపోయింది.

చౌరస్తాలోని కెప్టెన్.

అతను రెండు చేతులూ చాపాడు.

"ఆ తెడ్డు నాకివ్వక్కా... అమ్మ దాంతో కెలికిన సంకటి తినే పెరిగాను."