దరువుకి ఆడే బొమ్మలు

"అన్న దరువుకి చెల్లెలి బొమ్మలు ఎంత బుద్ధిగా ఆడతాయో ఇప్పుడు చూడండి" అన్నాడు వ్యాఖ్యాత మైకులో. హాలంతా చప్పట్లు.

తెర పక్కన కంప్యూటర్ ముందు కూర్చున్న చెల్లెలికి అరికాలి మంట నెత్తికెక్కింది.

బుద్ధిగా ఆడటానికి అవేమైనా కోతులా? గుండ్రాలు, గీతలు, రంగులు. పాటలో దెబ్బ పడే ప్రతిచోటా ఒక ఎర్ర గుండ్రం పగిలేలా నెలల తరబడి కళ్లు పాడుచేసుకుని గీసింది. ముందే రికార్డు చేసిన పాట, దాంతో కలిసి తెరమీద కదిలే ఈ గీతలు, వాటితోపాటు వేదిక మీద అన్న వాయించే డ్రమ్ములు. అదీ ప్రదర్శన. పేరు మాత్రం అన్నకే.

పోనీ, మాట మర్యాదైనా ఉందా? ఫోన్ చేస్తే ఎత్తడు, మెసేజ్ పెట్టమంటాడు. ఈసారి ఎర్ర గుండ్రాలు తీసేసి, రంగుల్ని పొగలా మెల్లగా పారిస్తానని రాసింది. "ఒక్క చుక్క కూడా కదపొద్దు" అని జవాబొచ్చింది.

ఎవరి బొమ్మలు, ఎవరి పెత్తనం?

ఇవాళ సాయంత్రం, ప్రదర్శనకి ముందే, వేదిక ఎక్కి నిలదీసింది. అన్న తల వంచుకుని డ్రమ్ము మరలు బిగిస్తున్నాడు. వెనక నిలబడి, చిన్నప్పటి నుంచి దాచుకున్న కడుపుమంటంతా కక్కేసింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. గోడకి చెప్పుకున్నా కాస్త నయం. వదిన గబగబా వచ్చి, ఆయన ఏదో ధ్యాసలో ఉన్నాడు, ఏమనుకోకమ్మా అంటూ చెయ్యి పట్టి పక్కకి తీసుకెళ్లింది.

పైగా ఈమధ్య కొత్త వేషమొకటి. జనానికి వీపు పెట్టి, తెరకి ఎదురుగా కూర్చుంటాడు. వాయిస్తున్నంతసేపూ తెరమీంచి చూపు తిప్పడు, తప్పులు పట్టే మాస్టారులా.

పాట మొదలైంది. ఎర్ర గుండ్రం పగిలింది, డ్రమ్ము మోగింది. ఇంకోటి పగిలింది, ఇంకో దెబ్బ. జనం ఊగిపోతున్నారు. అందరి కళ్లూ అన్నవైపే.

చెల్లెలి చెయ్యి తెరకి వెళ్లే వైరు మీద పడింది. బొమ్మల్లేకుండా వాయించుకో, చూద్దాం నీ గొప్ప.

పీకేసింది.

తెర నల్లబడింది. పాట ఆగలేదు.

ఒకటి రెండు దెబ్బలు సరిగ్గానే పడ్డాయి. ఆ తర్వాతది తడబడింది. ఇక డ్రమ్ముదొక దారి, పాటదొక దారి. వెనక వరసల్లో ఎవరో నవ్వారు. అన్న చేతులు గాల్లో ఆగిపోయాయి. పాట మాత్రం హోరుమని సాగిపోతూనే ఉంది.

తిక్క కుదిరిందా, అనుకుంది చెల్లెలు పళ్లు బిగించి.

వదిన పరుగెత్తుకొచ్చి ఆమె చేతిలోంచి వైరు లాక్కుంది.

"ఆయనకి చెవులు వినపడక ఏడాదైందమ్మా, నీ బొమ్మలు చూసే దరువు వేస్తున్నాడు."